వార్డుకు ఆఫీసు ఉంది, సభ ఏదీ?

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం నడినెత్తిన దిగింది. విమానాశ్రయం పైకప్పు లేచిపోయింది, బీచ్ రోడ్డు కోసుకుపోయింది, నిటారుగా నిలబడ్డ చెట్టు కనిపించడమే గగనమైంది. రోజుల తరబడి కరెంటు లేదు, కుళాయి రాలేదు. ఏ వీధికి ముందు నీళ్లు పంపాలి, కొండవాలున ఏ ఇంటికి టార్పాలిన్ అందలేదు అని అధికారుల ముందు గట్టిగా అడగడానికి ఆ రోజు మహానగరంలో ఒక్కరంటే ఒక్క కార్పొరేటరు లేరు. 2007లో ఎన్నికైన పాలకవర్గం గడువు 2012లో తీరిపోయింది. ఆ తర్వాతి ఎన్నిక 2021 మార్చి 10న జరిగింది. మధ్యలో తొమ్మిదేళ్లు ప్రత్యేకాధికారుల పాలన.

ఆ తొమ్మిదేళ్లలో జరిగినవి చిన్న సంగతులు కావు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ వాయువు లీకై 12 మంది చనిపోయారు. గోపాలపట్నం చుట్టుపక్కల జనం కట్టుబట్టలతో ఇళ్లు వదిలి పరుగెత్తారు. కరోనా తొలి లాక్‌డౌను అప్పుడే. అంతకుముందు 2016 జనవరిలో కేంద్రం ప్రకటించిన తొలి 20 స్మార్ట్ సిటీల్లో విశాఖ, కాకినాడ రెండూ ఉన్నాయి. విశాఖ రూపురేఖలు మార్చే ప్రణాళిక తయారైంది గానీ దాన్ని చర్చించే కౌన్సిల్ మాత్రం లేదు.

విశాఖ ఒక్కటే ఇలా లేదు. గుంటూరులో పాలకవర్గం గడువు 2010లో ముగిస్తే మళ్లీ కార్పొరేటర్లు వచ్చింది 2021లో. తిరుపతి 2007లో నగరపాలక సంస్థ అయింది, దానికి తొలి ఎన్నిక 2021లో. శ్రీకాకుళానికి ఆ ఏడాది కూడా ఆ భాగ్యం దక్కలేదు. ఆంధ్రప్రదేశ్ కథ ఇదైతే హైదరాబాదుదీ పూర్తిగా వేరు కాదు: 2007 ఏప్రిల్ 16న అక్కడి మహానగరపాలక సంస్థ జీహెచ్ఎంసీ పుట్టింది, తొలి ఎన్నిక 2009 నవంబరులో. ఆ పాలకవర్గం 2014 డిసెంబరులో దిగిపోతే మళ్లీ ఎన్నిక 2016 ఫిబ్రవరిలో.

రాజ్యాంగం ఈ విషయంలో గొణగలేదు, స్పష్టంగానే చెప్పింది. 1993 జూన్ 1 నుంచి అమల్లో ఉన్న 74వ సవరణ తెచ్చిన 243-యు అధికరణ ప్రకారం మున్సిపాలిటీ ఆయువు ఐదేళ్లు, ఆ ఐదేళ్లు తీరకముందే కొత్త ఎన్నిక పూర్తికావాలి. అహ్మదాబాద్ నగరపాలక సంస్థకు సంబంధించిన కిషన్‌సింగ్ తోమర్ కేసులో 2006లో సుప్రీంకోర్టు ఇదే మాట నొక్కి చెప్పింది. అయినా పొరుగు గ్రామాల విలీనం, వార్డుల పునర్విభజన, రిజర్వేషన్ల మీద కేసు... సాకులకు కొదవ ఎప్పుడూ లేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వినిపిస్తుంది, అది కొట్టిపారేసేది కాదు. కార్పొరేటర్లు లేనప్పుడే నగరం బాగుందనేవాళ్లు మధ్యతరగతి కాలనీల్లో చాలామందే ఉన్నారు. వారి వాదనకు ఆధారాలూ ఉన్నాయి. స్వచ్ఛ సర్వేక్షణ్‌లో 2017లో విశాఖ దేశంలో మూడో స్థానంలో నిలిచింది, అప్పుడు పాలకవర్గం లేదు. హుద్‌హుద్ తర్వాత వీధి దీపాలన్నీ ఎల్‌ఈడీకి మారాయి, అదీ అధికారుల హయాంలోనే. కమిషనర్ చురుకైన మనిషైతే పని జరుగుతుంది, నిజమే. కానీ చురుకైన కమిషనర్ బదిలీ అయితే ఏమిటన్న ప్రశ్నకు ఆ వాదనలో జవాబు లేదు. ఏ పని ముందు, ఏది వెనక అన్న వరస ఎవరు నిర్ణయించారన్న ప్రశ్నకూ లేదు. బీచ్ రోడ్డు మెరిసిన కాలంలోనే ఆరిలోవ కొండ మీద ఆడవాళ్లు బిందెలు మోశారు. ఆ వరసను ప్రశ్నించే హక్కున్న కుర్చీ ఏ వార్డులోనూ లేదు.

మరి కుర్చీ వచ్చాక? 2021లో 98 వార్డులకు ఎన్నిక జరిగింది. వైసీపీ 58 గెలిచింది, తెలుగుదేశం 30. మార్చి 18న మేయర్‌గా గొలగాని హరి వెంకటకుమారి ఎన్నికయ్యారు. 2024లో రాష్ట్రంలో ప్రభుత్వం మారింది, కార్పొరేటర్లు కండువాలు మార్చారు, క్యాంపు రాజకీయం నడిచింది. 2025 ఏప్రిల్ 19న అవిశ్వాస తీర్మానం 74 ఓట్లతో నెగ్గింది, ఏప్రిల్ 28న పీలా శ్రీనివాసరావు మేయరయ్యారు. ఈ అంకమంతా నడిచినన్నాళ్లూ ఏ వార్డు ఓటరునూ ఎవరూ పిలిచి, మీ కార్పొరేటరు ఇటు ఉండాలా, అటు వెళ్లాలా అని అడగలేదు. ఫిరాయించినవారు వార్డు అభివృద్ధి కోసమే వెళ్లామన్నారు. ఏ రోడ్డు, ఏ కాలువ కోసం వెళ్లారో ఆ వార్డు జనం ముందు నిలబడి చెప్పాల్సిన అవసరం వారికి రాలేదు, ఎందుకంటే నిలబడటానికి వేదిక లేదు.

అసలు లోటు ఇదే. ఎన్నిక ఆలస్యం కావడం జబ్బులో సగం. ఎన్నిక జరిగినా ఓటరు మళ్లీ ఐదేళ్ల దాకా నోరు విప్పే చోటు లేకపోవడం మిగతా సగం.

పల్లెకు ఆ చోటు ఉంది. గ్రామసభను రాజ్యాంగమే గుర్తించింది, ఊళ్లోని ఓటర్లందరూ దానిలో సభ్యులు. 2024 ఆగస్టు 23న ఆంధ్రప్రదేశ్‌లో ఒకే రోజు 13,326 పంచాయతీల్లో గ్రామసభలు పెట్టి ఉపాధి హామీ పనులను జనం ముందు చదివారు, తీర్మానాలు చేశారు. అదే రోజు విశాఖలో, విజయవాడలో, కర్నూలులో ఎక్కడా ఒక్క వార్డు సభ జరగలేదు. జరగాలని ఎవరికీ తోచలేదు కూడా. రెండు వేలమంది ఉన్న ఊరికి దక్కే మర్యాద ఇరవై వేలమంది ఉన్న వార్డుకు దక్కదు. 2011 జనాభా లెక్కలనే పట్టుకున్నా విశాఖలో ఒక్కో వార్డుకు సగటున అటూఇటుగా అంతమంది.

నగరాలకు రాజ్యాంగం ఇచ్చింది వేరు. 243-ఎస్ అధికరణ ప్రకారం మూడు లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న పట్టణంలో వార్డు కమిటీలు ఉండాలి. అయితే ఒక్కో కమిటీ కింద ఒకటికి మించి వార్డులు చేర్చే వెసులుబాటు ఇచ్చి, కూర్పు ఎలా ఉండాలో రాష్ట్రాలకు వదిలేసింది. ఈ వెసులుబాటును చాలా రాష్ట్రాలు ఎగవేతకు వాడుకున్నాయి. 2005లో మొదలైన జవహర్‌లాల్ నెహ్రూ పట్టణ పునరుద్ధరణ పథకం నిధులివ్వాలంటే ప్రజల భాగస్వామ్యానికి చట్టం చేయాలని కేంద్రం షరతు పెట్టింది. దాంతో వార్డు కమిటీ, దాని కింద ఏరియా సభ అన్న మాటలు మన చట్టాల్లోకీ వచ్చాయి. ఫ్లైఓవర్లు, మంచినీటి పథకాలు వచ్చాయి, డబ్బు ఖర్చయింది. ఏరియా సభ మాత్రం కాగితం మీద నుంచి కిందికి దిగలేదు. తన ఇల్లు ఏ ఏరియా సభలోకి వస్తుందో చెప్పగలిగిన విశాఖవాసిని వెతకడం కష్టమే.

దాని బదులు వచ్చింది ఆఫీసు.

2019 అక్టోబరు 2న ఆంధ్రప్రదేశ్‌లో వార్డు సచివాలయాలు మొదలయ్యాయి. పట్టణాల్లో సుమారు నాలుగు వేల జనాభాకు ఒకటి. పరిపాలన, వసతులు, పారిశుద్ధ్యం, విద్య, ప్రణాళిక, సంక్షేమం, ఇంధనం, ఆరోగ్యం, మహిళా పోలీసు... ఒక్కో పనికి ఒక్కో కార్యదర్శి. ఇది చిన్న మేలు కాదు. కుల ధ్రువీకరణ పత్రం కోసం తాసీల్దారు ఆఫీసు గుమ్మంలో పూటలు పోగొట్టుకున్న తరానికి, వీధి చివర అర్జీ తీసుకునే మనిషి ఉండటం అంటే ఏమిటో తెలుసు. సచివాలయాలకు అనుబంధంగా పెట్టిన వాలంటీర్ల వ్యవస్థ మీద రాజకీయ వివాదం నడిచింది, 2024లో అది ఆగిపోయింది, సచివాలయం మిగిలింది. హైదరాబాదులోనూ 2023 జూన్ 16న అప్పటి 150 వార్డులకూ వార్డు కార్యాలయాలు తెరిచారు. ఇంజినీరింగ్, పట్టణ ప్రణాళిక, పారిశుద్ధ్యం, నీరు, విద్యుత్తు లాంటి శాఖల నుంచి పదిమంది సిబ్బంది, పైన ఒక పరిపాలనాధికారి.

చిక్కు ఎక్కడంటే, ఎన్నికల వార్డు వేరు, సచివాలయం పరిధి వేరు. విశాఖలో ఒక కార్పొరేటరు వార్డులో ఐదారు సచివాలయాలు ఉంటాయి. కాలువ పొంగితే పారిశుద్ధ్య కార్యదర్శికి చెప్పాలి, అతను శానిటరీ ఇన్‌స్పెక్టరుకు చెబుతాడు. కాలువ గోడ కూలితే వసతుల కార్యదర్శి, అక్కడినుంచి అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ). ఆ కాలువ జాతీయ రహదారి పక్కదైతే జవాబు మారుతుంది. స్తంభం విద్యుత్ పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్‌ది, దానికి వేలాడే దీపం నగరపాలక సంస్థ జీవీఎంసీది. లేఅవుటు రోడ్డయితే మహానగరాభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ. అడివివరం, వేపగుంట, పురుషోత్తపురం, వెంకటాపురం, చీమలాపల్లి వైపు వెళితే మొత్తం చిత్రమే మారిపోతుంది. ఈ పంచగ్రామాల భూమి మీద సింహాచలం దేవస్థానానికీ నివాసులకూ మధ్య దశాబ్దాలుగా తేలని తగవు ఉంది. ఇంటి పన్ను కట్టే మనిషి తన ఇంటిని రిజిస్టరు చేయించుకోలేడు.

అర్జీలకూ దారులున్నాయి. ప్రతి సోమవారం జీవీఎంసీ ప్రధాన కార్యాలయంలో ప్రజా సమస్యల పరిష్కార వేదిక నడుస్తుంది. ఒక ప్రభుత్వం దాన్ని ‘మీకోసం’ అంది, ఇంకో ప్రభుత్వం ‘స్పందన’ అంది, ఇప్పుడు పీజీఆర్‌ఎస్ అంటున్నారు. పేరు ఏదైనా తంతు ఒక్కటే: కాగితం రాసుకుని ఒక్కడూ వెళ్లాలి, ఫోనుకు సందేశం వస్తుంది, కొన్నాళ్లకు పరిష్కారమైనట్టు ఇంకో సందేశం వస్తుంది. నిజంగా పరిష్కారమైందా అన్నది వేరే సంగతి.

సోమవారం అర్జీ ఒక మనిషి గోడు వింటుంది. ఇద్దరి గోడు ఎదురెదురైతే ఏం చేయాలో దానికి తెలీదు. నగరంలో పేచీలన్నీ ఆ రెండో రకమే.

తోపుడు బండ్ల సంగతి చూస్తే ఇది తేటపడుతుంది. 2025 సెప్టెంబరులో విశాఖలో ‘ఆపరేషన్ లంగ్స్’ పేరుతో రోడ్ల పక్క బండ్లు, బడ్డీలు తొలగించారు. కాలిబాట దొరికిందని అపార్ట్‌మెంట్ల వారు ఊపిరి పీల్చుకున్నారు. ఇడ్లీ బండి మీద బతికే కుటుంబం రోడ్డున పడింది. రెండూ నిజాలే. ఈ రెండింటినీ ఎలా కుదర్చాలో చెప్పే చట్టం 2014 నుంచీ ఉంది. వీధి వర్తకుల చట్టం ప్రకారం పట్టణ వర్తక కమిటీ ఉండాలి, అందులో కనీసం 40 శాతం సభ్యులు వర్తకులే, వారిలో మూడో వంతు మహిళలు. వార్డు, జోను లేదా పట్టణ జనాభాలో రెండున్నర శాతం దాకా వర్తకులకు చోటు చూపించాలి. ఇరవై వేల వార్డుకు ఆ లెక్క కడితే ఐదు వందల బండ్లు. ఐదు వందల బండ్లు ఏ వీధిలో, ఏ గోడ పక్కన, ఏ పూట నిలబడాలో కలెక్టరేట్లో కూర్చుని తేల్చడం అసాధ్యం. బడి వదిలే వేళ ఏ మలుపు ఇరుకవుతుందో, సాయంత్రం ఏ మైదానం ఖాళీగా ఉంటుందో వార్డువాళ్లకే తెలుసు. అక్కడ అపార్ట్‌మెంటు సంఘం కార్యదర్శి, బండివాడు, ఆటోస్టాండు పెద్ద, బడి ప్రధానోపాధ్యాయురాలు ఒకే గదిలో కూర్చుని తిట్టుకుని అయినా ఒక పటం మీద గీతలు గీసుకోవాలి. ఆ గది పేరే వార్డు సభ. అది లేదు గనుక తీర్పు జేసీబీ చెప్పింది.

కాలనీ సంక్షేమ సంఘాలు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి, విశాఖలో గట్టివే ఉన్నాయి. పన్నుల మీద, నీటి చార్జీల మీద కోర్టుల దాకా వెళ్లి పోరాడినవారూ ఉన్నారు. వారిని తక్కువ చేయనక్కరలేదు. కానీ సంఘం సభ్యత్వం ఇంటి యజమానిది. అద్దెకున్నవాడు అందులో లేడు, అపార్ట్‌మెంటు వాచ్‌మన్ అందులో లేడు, కొండవాలున రేకుల ఇంట్లో ఉన్న కుటుంబం అసలే లేదు. కొండ మీదివాళ్లు పార్టీ కార్యకర్త ద్వారా వెళతారు, బండివాళ్లు యూనియన్ ద్వారా వెళతారు, కాలనీవాళ్లు వాట్సాప్‌లో కమిషనర్‌కు ఫొటోలు పంపుతారు. ఎవరి దారి వారిది. ఈ దారులు ఎక్కడా కలవకపోవడం ఎవరికి లాభమో కొంచెం ఆలోచిస్తే తెలుస్తుంది.

చెత్త పన్ను కథ ఇంకోటి. 2021 అక్టోబరులో ‘క్లాప్’ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమంతో పాటు పట్టణాల్లో ఇంటింటి చెత్త సేకరణకు నెలనెలా రుసుము వచ్చింది. విశాఖలో ఇంటికి నెలకు 120 రూపాయలు, మురికివాడల్లో 60. దుకాణాలకు ఇంకా ఎక్కువ. జనం మండిపడ్డారు, ప్రతిపక్షాలు చెత్త ప్రభుత్వం అని ఎద్దేవా చేశాయి, వసూలుకు వెళ్లిన సచివాలయ సిబ్బంది తిట్లు తిన్నారు. 2024 అక్టోబరు 2న మచిలీపట్నంలో ముఖ్యమంత్రి చంద్రబాబు దాన్ని రద్దు చేస్తున్నట్టు ప్రకటించారు, తర్వాత చట్టాన్నీ సవరించారు. జనానికి ఊరట, సందేహం లేదు. కానీ వేసేటప్పుడు ఏ వార్డునూ అడగలేదు, తీసేటప్పుడూ అడగలేదు. రుసుము పోయింది గానీ చెత్త ఆగలేదు. 2016 ఘనవ్యర్థాల నియమాలు తడి, పొడి, ప్రమాదకర చెత్తను ఇంట్లోనే వేరు చేయమన్నాయి, సేవకు రుసుము తీసుకోమని కూడా అన్నాయి. కాపులుప్పాడ డంపింగ్ యార్డుకు వెళ్లే లారీల్లో కలిపిన చెత్త ఎంత, విడదీసింది ఎంత? బండి వారానికి ఎన్ని రోజులు వస్తోంది, రాని రోజున ఎవరి జీతం కోస్తున్నారు? ఈ లెక్క వార్డు ముందు పెట్టి ఉంటే ఆ 120 రూపాయలు కొందరు సంతోషంగా కట్టేవారేమో, కొందరు బండి లెక్క చూపించి కట్టం అనేవారేమో. రెండిట్లో ఏదైనా మంచి చర్చే. జరిగింది మాత్రం పార్టీల కీచులాట.

ఇంటి పన్నుకూ ఇదే గతి. 2020లో చట్టం మార్చి ఆస్తి విలువ ఆధారంగా పన్ను వేసే పద్ధతి తెచ్చారు. నివాసాలకు విలువలో 0.10 నుంచి 0.50 శాతం, ఇతర కట్టడాలకు 0.20 నుంచి 2 శాతం దాకా, ఏటా పెంపు 15 శాతం మించకుండా. ఇందులో మంచి చెడ్డలు రెండూ ఉన్నాయి. చట్టం మారిన నాటికి విశాఖకు కౌన్సిల్ లేదు, ఏ వార్డులోనూ ఒక్క ప్రశ్నోత్తరాల సమావేశం జరగలేదు. జనానికి విషయం తెలిసింది నోటీసు గుమ్మంలోకి వచ్చాకే.

ఇక గెడ్డలు, కొండలు. విశాఖ భూగోళం తెలియని మనిషి విశాఖ పాలన గురించి మాట్లాడటం కష్టం. కొండల మీద పడ్డ వాన గెడ్డల్లోంచి, అంటే వాగుల్లోంచి, సముద్రానికి పోవాలి. గెడ్డ పక్కన గోడ, గోడ పక్కన ఇల్లు, ఇంటి పక్కన ఇంకో మేడ లేచే కొద్దీ నీళ్లు దారి వెతుక్కుంటాయి. 2024 సెప్టెంబరు వానలకు గోపాలపట్నం వైపు కొండవాలు ఇళ్ల కింద మట్టి జారి, కుటుంబాలను ఖాళీ చేయించాల్సి వచ్చింది. అదే సమయంలో విజయవాడను బుడమేరు ముంచెత్తింది. రక్షణ గోడ ఎక్కడ పగిలింది, ఏ మెట్ల మీద నీళ్లు జలపాతంలా దిగుతాయి, ఏ గెడ్డలో ఎవరు మట్టి పోసి పూడ్చారు అన్నది ప్రతి కొండవాలు వీధికీ తెలుసు. వీధికి తెలిసింది ఫైలుకు చేరే దారి లేదు. తెలిసినవాడు చెప్పడానికి భయపడతాడు కూడా, ఎందుకంటే గెడ్డ పూడ్చినవాడు సాధారణంగా కార్పొరేటరుకు దగ్గరివాడే అయి ఉంటాడు. ఒక్కడు చెబితే శత్రుత్వం. సభలో ఇరవై మంది చెబితే తీర్మానం.

వార్డు సభ పెడితే అన్నీ సర్దుకుంటాయని అనుకోవడం అమాయకత్వం. గ్రామసభలే చాలాచోట్ల రిజిస్టరు మీద వేలిముద్రలుగా మిగిలాయి. సర్పంచి అనుచరులు ముందు వరసలో కూర్చుంటే వెనకవాళ్లు నోరెత్తరు. నగరంలో ఇంకో చిక్కు: ఉదయం పది గంటలకు సభ పెడితే వచ్చేది విశ్రాంత ఉద్యోగులు, పార్టీ కార్యకర్తలు. భవన నిర్మాణ కూలీ రాడు, ఇళ్లలో పనిచేసే మనిషి రాదు. పోర్టులో, స్టీల్‌ప్లాంటులో షిఫ్టు చేసేవాడు రాడు. ఆదివారం సాయంత్రం, బడి ఆవరణలో పెడితే కొంత మారుతుంది. మొదటి రెండు సభల్లో అరుపులు తప్పవు. కడుపులో ఉన్నదంతా కక్కాకే మాట్లాడుకోవడం మొదలవుతుంది.

అసలు అడ్డంకి జనం రాకపోవడం అనడం కన్నా కార్పొరేటర్ల అయిష్టత అనడం నిజానికి దగ్గర. ఈ రోజు కార్పొరేటరు బలమంతా మధ్యవర్తిగా ఉండటంలో ఉంది. కుళాయి కనెక్షన్, ఇంటి ప్లాను, వీధి దీపం... అన్నిటికీ ‘మనవాడు’ కావాలి. పనుల జాబితా బహిరంగంగా చదివి, అంచనా ఎంత, కాంట్రాక్టరు ఎవరు అని చెప్పాల్సి వస్తే ఆ మధ్యవర్తిత్వం పలచబడుతుంది. ఎమ్మెల్యేలకూ ఇష్టం ఉండదు, నగరంలో ఎమ్మెల్యే అసలు పని కార్పొరేటరు పనే కాబట్టి. అన్ని పార్టీలదీ ఇందులో ఒకే తీరు. ప్రతిపక్షంలో ఉండగా వికేంద్రీకరణ గురించి మాట్లాడి, అధికారంలోకి రాగానే కమిషనర్‌కు ఫోను చేసే అలవాటు ఎవరికీ పోలేదు.

వేరేచోట్ల ఎలా ఉంది? కేరళ 1994 మున్సిపాలిటీ చట్టంలోనే లక్షలోపు జనాభా ఉన్న పట్టణాలకు వార్డు సభ, పెద్ద నగరాలకు వార్డు కమిటీ రాసుకుంది. 1996లో మొదలైన ప్రజా ప్రణాళికతో ఆ సభలకు డబ్బు మీద మాట చెల్లే హక్కు వచ్చింది, అందుకే అవి బతికాయి. బెంగళూరులో పౌర సంఘాలు కోర్టుకెక్కితే వార్డు కమిటీల నెలవారీ సమావేశాలు మొదలయ్యాయి. 2020 సెప్టెంబరులో అక్కడి పాలకవర్గం గడువు తీరి ఎన్నికలు జరగకపోయినా, చాలా వార్డుల్లో నోడల్ అధికారి ఎదుట జనం కూర్చోవడం కొనసాగింది. అక్కడా లోపాలు బోలెడు, కమిటీ సభ్యుల నియామకంలో పార్టీ వాసన పోలేదు. అయినా కార్పొరేటరు లేని కాలంలో జనానికి ఒక గది మిగిలింది. తొమ్మిదేళ్లలో విశాఖకు అది కూడా లేదు.

చేయాల్సిన దానికి కొత్త చట్టం కోసం కాచుక్కూర్చోవాల్సిన పని లేదు. పథకాల లబ్ధిదారుల జాబితాను సామాజిక తనిఖీ కోసం సచివాలయం గోడ మీద అంటించే పద్ధతి ఇప్పటికే ఉంది. అదే గోడ మీద వార్డులో నడుస్తున్న పనుల జాబితా, అంచనా, కాంట్రాక్టరు పేరు, ముగియాల్సిన తేదీ ఎందుకు అంటించకూడదు? సమాచార హక్కు చట్టం 2005 నాలుగో సెక్షను అడగకుండానే బయటపెట్టమన్న సమాచారమే అది. మూడు నెలలకోసారి, ముందే ప్రకటించిన ఆదివారం, కార్పొరేటరు అధ్యక్షతన, ఆ వార్డు పరిధిలోని సచివాలయాల కార్యదర్శులందరూ, ఏఈ, శానిటరీ ఇన్‌స్పెక్టరు, పట్టణ ప్రణాళిక అధికారి హాజరయ్యేలా ఒక ఉత్తర్వు చాలు. సభ మొదలయ్యేది గత సభలో అడిగిన వాటికి జవాబులతో కావాలి, లేకపోతే రెండో సభకు ఎవరూ రారు. పన్ను, రుసుము పెంచే ప్రతిపాదన కౌన్సిల్‌కు వెళ్లేముందు వార్డుల్లో చదవాలి. వార్డు కాదంటే కౌన్సిల్ ఆగిపోవాలని కాదు. వార్డు ఏమందో రాసుకుని, దాన్ని తోసిపుచ్చితే ఎందుకో మినిట్స్‌లో చెప్పాలి. కార్పొరేటరు పదవి ఖాళీగా ఉన్న కాలంలో జోనల్ కమిషనరు ఆ కుర్చీలో కూర్చోవాలి.

విశాఖలో 2021 పాలకవర్గం గడువు లెక్క ప్రకారం 2026 మార్చి దాకానే. రాష్ట్రంలో 2021 మార్చిలోనే ఎన్నికలు జరిగిన మిగతా పట్టణాలదీ అదే లెక్క. తర్వాత ఎన్నిక ఎప్పుడన్నది ఎన్నికల సంఘం, ప్రభుత్వం, కోర్టుల మధ్య తేలే సంగతి. దానికి తోడు ఇప్పుడు జనగణన ఉంది. 2027 ఫిబ్రవరిలో జనాభా లెక్క తీస్తారు, ఆ లెక్కలు వచ్చాక వార్డుల హద్దులు మళ్లీ కదులుతాయి. హద్దు కదిలితే ఓటు కదులుతుంది, రిజర్వేషన్ కదులుతుంది, కొండ మీది వీధులు కిందనున్న కాలనీతో కలుస్తాయో విడిపోతాయో తేలుతుంది. హైదరాబాదులో 2025 డిసెంబరులో వార్డులను 150 నుంచి 300కు పెంచుతూ ముసాయిదా ఇచ్చినప్పుడు అభ్యంతరాలకు పెట్టిన గడువు వారం రోజులు. వార్డులవారీ జనాభా, హద్దుల పటాలు జనం ముందు పెట్టమని హైకోర్టు చెప్పాల్సి వచ్చింది. విశాఖ అంతదాకా వెళ్లనక్కరలేదు. ముసాయిదా పటం ప్రతి సచివాలయం గోడ మీదికీ తెలుగులో, వీధి పేర్లతో రావాలి. దాని మీద వార్డు సభ ఒకటైనా జరగాలి. అభ్యంతరాలకు కనీసం నెల రోజులు ఇవ్వాలి.